బెజవాడ ఎండల్లో కంప్యూటర్ ఆగిపోతోందా? కేబినెట్‌కి గాలి దారి ఇలా చేసుకోండి

మార్చి సగం దాటిందంటే నాకు వచ్చే ప్రశ్నలన్నీ ఒకటే రకం. "అన్నా, మధ్యాహ్నం గేమ్ ఆడుతుంటే సిస్టమ్ దానంతట అదే ఆఫ్ అవుతోంది, లిక్విడ్ కూలర్ కొనమంటావా?" "పొద్దున ఇరవై నిమిషాల్లో అయ్యే రెండరింగ్ మధ్యాహ్నం అరగంట పడుతోంది, ర్యామ్ పోయిందంటారా?" ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చాను, ఈసారి మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఓపిగ్గా చదివి, ఒక ఆదివారం పెట్టుకుని చేయండి.

నా మాట ముందే చెప్పేస్తాను: కొత్త కూలర్‌కి (అంటే ప్రాసెసర్‌ని చల్లబరచడానికి దాని మీద బిగించే భాగానికి) డబ్బు పెట్టే ముందు మీ కేబినెట్‌లోకి గాలి రావడానికి, పోవడానికి దారి చేయండి. నేను చూసిన సిస్టమ్‌లలో ఎక్కువ వాటికి అదే సరిపోయింది.

ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా తేలిక. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, కదుపుతుంది అంతే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి మీ గది 38 డిగ్రీలు ఉందనుకోండి, ఏ ఫ్యాన్ పెట్టినా, ఎంత ఖరీదైన లిక్విడ్ కూలర్ పెట్టినా ప్రాసెసర్ 38 కన్నా కిందికి రాదు. మన చేతిలో ఉన్నది ఆ 38కీ ప్రాసెసర్ వేడికీ మధ్య ఉన్న తేడా మాత్రమే. దాన్నే తగ్గించాలి, దాన్నే కొలవాలి. (చాలామంది డబ్బా మొత్తాన్ని సీపీయూ అంటారు. నేను డబ్బాని కేబినెట్ అనీ, లోపలి చిప్పుని ప్రాసెసర్ అనీ అంటాను.)

ఇక్కడ మనం బయటి గాలిని నేరుగా ప్రాసెసర్ ఫ్యాన్‌కి అందించే గొట్టం ఒకటి చేయబోతున్నాం. అది నేను కనిపెట్టింది కాదు. పెంటియమ్ 4 రోజుల్లో ప్రాసెసర్లు బాగా వేడెక్కుతుంటే ఇంటెల్ కేబినెట్ తయారుచేసేవాళ్లకి ఒక లెక్క ఇచ్చింది: గది 35 డిగ్రీలు ఉన్నప్పుడు ప్రాసెసర్ ఫ్యాన్ పీల్చే గాలి 38 దాటకూడదు. అందుకోసం పక్క డోర్‌కి రంధ్రం పెట్టి, అక్కడి నుంచి ప్రాసెసర్ ఫ్యాన్ దాకా చిన్న ప్లాస్టిక్ గొట్టం బిగించేవాళ్లు. పాత కేబినెట్లలో మీరు చూసే ఉంటారు. తర్వాత 2004లో బీటీఎక్స్ అని కేబినెట్ డిజైన్నే మార్చి, ముందు నుంచి వచ్చే గాలి నేరుగా ప్రాసెసర్ మీదికే పోయేలా చేశారు, కానీ చల్లగా నడిచే ప్రాసెసర్లు రావడంతో 2006లో దాన్ని వదిలేశారు. ఆ తర్వాత డోర్లు గాజువి అయ్యాయి, లోపల రంగు లైట్లు వచ్చాయి, గొట్టం మాయమైంది. గది 35 దగ్గర ఆగని మన ఊళ్లకి మాత్రం అది ఇప్పటికీ కావాలి.

కావలసినవి

స్టార్ స్క్రూడ్రైవర్, మెత్తటి పెయింట్ బ్రష్, చేతి బ్లోయర్ (లేకపోతే పక్కింటివాళ్లని అడగండి, దీనికోసం కొనక్కర్లేదు), ఐసోప్రొపైల్ ఆల్కహాల్, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్ట్) ట్యూబ్ ఒకటి, గోడకి తగిలించే మామూలు థర్మామీటర్. గొట్టం కోసం ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ డ్రైనేజీ పైపు ముక్క ఒక అడుగు. పెద్ద అట్టపెట్టె ఒకటి, పారదర్శకంగా ఉండే పుస్తకాల అట్ట కవర్ షీట్, మార్కర్, టేప్. ఫిల్టర్‌కి కిటికీలకి వేసే దోమల మెష్. కేబినెట్‌లో ఫ్యాన్లు తక్కువుంటే 120 ఎం.ఎం. ఫ్యాన్లు ఒకటో రెండో. వీటిలో చాలావరకు గవర్నర్‌పేట కంప్యూటర్ షాపుల్లో, వీధి చివర హార్డ్‌వేర్ షాపులో దొరికేస్తాయి.

1. ముందు కొలవండి

ఈ అడుగు అందరూ దాటేస్తారు. దయచేసి దాటకండి, కొలవకుండా చేసిన పని ఫలించిందో లేదో ఎప్పటికీ తెలియదు.

థర్మామీటర్‌ని కేబినెట్ ముందు, గాలి లోపలికి పోయే చోటుకి ఒక జానెడు దూరంలో పెట్టండి. లోపలి ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, దాన్ని తెరిచి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రతలు కనిపించేలా పెట్టుకోండి. సినీబెంచ్ (ప్రాసెసర్‌కి గట్టి పని ఇచ్చి స్కోర్ చెప్పే ప్రోగ్రామ్) పది నిమిషాల టెస్ట్ నడపండి. అది అయ్యేసరికి గది ఎంత, ప్రాసెసర్ ఎంత, స్కోర్ ఎంత అన్నది కాగితం మీద రాయండి. ప్రాసెసర్ 92, గది 36 అయితే తేడా 56. మనకి కావలసిన అంకె ఈ 56, ఆ 92 కాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. పక్క డోర్ తీసేసి, పది నిమిషాలు చల్లారనిచ్చి, మళ్లీ అదే టెస్ట్ నడపండి. డోర్ తీస్తే తేడా ఐదారు డిగ్రీలో అంతకన్నా ఎక్కువో పడిపోయిందా, అంటే మీ కేబినెట్‌కి ఊపిరాడటం లేదు, కింది అడుగులన్నీ మీకోసమే. డోర్ తీసినా ఒకటి రెండు డిగ్రీలే మారిందా, అంటే తప్పు కేబినెట్‌ది కాదు, కూలర్ దగ్గరే ఉంది: దుమ్మో, ఎండిపోయిన పేస్టో, సరిగా కూర్చోని పిన్నో. అలాంటివాళ్లు గొట్టం జోలికి పోకుండా 2, 3 అడుగులు చేసి ఆగిపోవచ్చు.

"మరి డోర్ తీసేసే ఉంచితే పోలా?" అని తప్పకుండా అడుగుతారు. ప్రాసెసర్‌కి కొంత మేలే కానీ, దుమ్ము నేరుగా లోపలికి పడుతుంది, బల్లి దూరితే లోపలి బోర్డు (మదర్‌బోర్డు) షార్ట్ అవుతుంది, ఇంట్లో చిన్నపిల్లలుంటే తిరిగే ఫ్యాన్‌లో వేలు పెడతారు. పరీక్ష వరకే డోర్ తీయండి.

ఇంకో మాట. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ రైజెన్ 5000 వాటికి మోడల్‌ని బట్టి 90 నుంచి 95 దగ్గర వేగం దానంతట అదే తగ్గిపోతుంది. రెండరింగ్ నెమ్మదించడానికి కారణం చాలాసార్లు ఇదే, ర్యామ్ కాదు. రైజెన్ 7000 పెద్ద మోడళ్లయితే గట్టి పని ఇస్తే 95 దాకా వెళ్లేలానే తయారయ్యాయి, కాబట్టి వాటిలో డిగ్రీలు తగ్గలేదని టెన్షన్ పడకండి, సినీబెంచ్ స్కోర్ పెరిగిందా అని చూడండి.

2. దుమ్ము దులపండి

కరెంటు ప్లగ్ పీకండి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి వదలండి, కేబినెట్‌ని బయట వరండాలోకి తీసుకెళ్లండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ప్రతి ఫ్యాన్ రెక్కనీ వేలితో పట్టుకోండి, లేకపోతే అది గిర్రున అతివేగంగా తిరిగి బేరింగ్ పోతుంది. దుమ్ము ఎక్కువ పేరుకునేది ఫ్యాన్ మీద కాదు, ఫ్యాన్ కిందున్న అల్యూమినియం రేకుల మధ్య. పైనుంచి చూస్తే శుభ్రంగా ఉంటుంది, ఫ్యాన్ తీస్తే కింద దుప్పటి పరిచినట్టుంటుంది. గ్రాఫిక్స్ కార్డులో కూడా అంతే.

తడిగుడ్డ వద్దు. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం బోర్డుకి ఆనించొద్దు, స్టాటిక్ కరెంటుతో చిప్పులు పోవచ్చు. పవర్ సప్లై డబ్బాని బయటి నుంచి ఊదండి చాలు, ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్ పీకిన తర్వాత కూడా దాని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది.

3. పేస్ట్ మార్చండి

మూడు నాలుగేళ్లు దాటిన సిస్టమ్ అయితేనే. కూలర్ తీసే ముందు కంప్యూటర్‌ని పది నిమిషాలు నడిపి ఆపండి, పేస్ట్ మెత్తబడుతుంది. ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) రైజెన్ వాళ్లు ఇక్కడ జాగ్రత్త: కూలర్‌ని నిటారుగా లాగితే ప్రాసెసర్ కూడా దాంతో పాటే ఊడి వచ్చి పిన్నులు వంగుతాయి. అటూ ఇటూ మెల్లగా తిప్పి, పట్టు వదిలాక ఎత్తండి.

పాతది ఆల్కహాల్‌తో తుడిచి, నడిమధ్య బఠాణీ గింజంత పెట్టండి. కూలర్ బరువే దాన్ని పరుస్తుంది. ఇంటెల్ బాక్స్ కూలర్‌కి (ప్రాసెసర్ కొన్నప్పుడు దాంతో పాటే వచ్చేదానికి) నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, మూలకి ఎదురుమూల చొప్పున నొక్కండి, టక్‌మని చప్పుడు రావాలి. తర్వాత బోర్డు వెనకవైపు నుంచి చూసి నాలుగు పిన్నులూ బయటికి పొడుచుకొచ్చాయో లేదో చూడండి. "పేస్ట్ మార్చాక ఇంకా ఎక్కువ వేడెక్కుతోంది" అని వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఒక పిన్ను పైకి లేచి ఉండటమే కారణం. కొత్త కూలర్ అయితే కింద అంటించిన ప్లాస్టిక్ పొర పీకారా లేదా చూసుకోండి.

4. ఫ్యాన్లు ఎటు ఊదుతున్నాయి?

ఫ్యాన్‌కి ఒకవైపు రెక్కలు ఖాళీగా కనిపిస్తాయి, రెండోవైపు మోటర్‌ని పట్టుకున్న అడ్డ కమ్మీలు ఉంటాయి. గాలి కమ్మీల వైపు నుంచి బయటికి వస్తుంది. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి, మామూలు ఇళ్లకి ఇంతే. లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదానికన్నా కొంచెం ఎక్కువుంటే, ఫిల్టర్ లేని సందుల్లోంచి దుమ్ము లాక్కోదు.

పైభాగంలో ముందువైపు ఫ్యాన్ పెట్టి బయటికి ఊదించడం చాలామంది చేసే తప్పు. ముందునుంచి వచ్చిన చల్లగాలి ప్రాసెసర్ దాకా పోకుండానే పైనుంచి వెళ్లిపోతుంది. పైన పెట్టాలనుకుంటే వెనక మూలకి పెట్టండి.

పరీక్షకి టిష్యూ పేపర్ సన్నటి ముక్క ఒకటి ఫ్యాన్ బయట పట్టుకోండి. ముందువైపు జాలీకి అతుక్కోవాలి, వెనకవైపు బయటికి ఎగరాలి. ముందు టిష్యూ అతుక్కోకుండా బద్ధకంగా ఊగుతోందంటే మీ ముందు ప్యానెల్ గాలిని ఆపుతోందని అర్థం. గాజు, ప్లాస్టిక్ ముందు ప్యానెల్ ఉన్న కేబినెట్లలో ఇది మామూలే. ఆ ప్యానెల్‌ని ఊడబీకి, దాని స్థానంలో దోమల మెష్ బిగించండి. లేదా ప్యానెల్‌కీ కేబినెట్‌కీ మధ్య రెండు సెంటీమీటర్ల సందు వచ్చేలా మూలల్లో రబ్బరు ముక్కలు పెట్టండి, చూడటానికి కూడా బాగానే ఉంటుంది.

5. గొట్టం

ఇది ఎవరికంటే, బాక్స్‌లో వచ్చిన కూలరే వాడుతున్నవాళ్లకి, అంటే ఫ్యాన్ పక్క డోర్ వైపు చూస్తూ బోర్డు మీదికి ఊదే రకానికి. నిలువుగా ఎత్తుగా ఉండే టవర్ కూలర్ ఉన్నవాళ్లకి ఈ గొట్టం పనికిరాదు, మీరు 6కి వెళ్లండి.

ముందు అట్టతో చేయండి, డోర్ కోయకండి. అట్టపెట్టెని డోర్ సైజుకి కత్తిరించండి. రంధ్రం ఎక్కడ రావాలో తెలియడానికి తేలికైన పద్ధతి ఉంది: పుస్తకాల కవర్ షీట్‌ని కేబినెట్ తెరిచిన వైపు, అంచులకి అంచులు కలిపి టేపుతో బిగుతుగా అంటించండి. ఒక కన్ను మూసి, ఎదురుగా నిటారుగా చూస్తూ, లోపల కనిపించే ఫ్యాన్ గుండ్రాన్ని మార్కర్‌తో గీయండి. షీట్ మీద "బయటివైపు" అనీ, బాణం వేసి "పైన" అనీ రాయండి. ఇది రాయకపోతే తిరగేసి అంటించి, రంధ్రం గ్రాఫిక్స్ కార్డు మీదికి వస్తుంది.

ఆ షీట్‌ని అట్ట మీద పెట్టి గుండ్రం కోయండి. పైపు ఫ్యాన్‌కి సమానంగానో, కొంచెం పెద్దగానో ఉండాలి, చిన్నది వద్దు. ఈ పైపులు 75, 90, 110 ఎం.ఎం. సైజుల్లో వస్తాయి, నా కూలర్‌కి 110 సరిపోయింది. పొడవు కోసం కేబినెట్ అంచు నుంచి ఫ్యాన్ పై భాగం దాకా స్కేలుతో కొలిచి, అందులోంచి ఒకటిన్నర సెంటీమీటరు తీసేయండి. పైపు ఫ్యాన్‌కి తగలకూడదు, అలాగని మూడు నాలుగు సెంటీమీటర్ల సందూ ఉండకూడదు. సందు ఎక్కువైతే ఫ్యాన్ మళ్లీ లోపలి వేడి గాలినే పీలుస్తుంది, గొట్టం ఉండి లేనట్టే.

అట్ట డోర్ పెట్టి, మీరు పక్కనే కూర్చుని, సినీబెంచ్ నడపండి. తేడా కనీసం మూడు నాలుగు డిగ్రీలు తగ్గితేనే అసలు డోర్ కోయండి. తగ్గకపోతే పైపు పొడవు సరిచూసుకోండి, అప్పటికీ తగ్గకపోతే వదిలేయండి, మీ కేబినెట్‌కి ఇది అవసరం లేదు. అట్ట డోర్‌ని మాత్రం అలాగే ఉంచేయకండి, అది పరీక్షకే.

రేకు డోర్ కోయించడానికి ఆటోనగర్‌లో ఏ లేత్ పనివాళ్ల దగ్గరికి వెళ్లినా పది నిమిషాల పని. డోర్ ఒక్కటే తీసుకెళ్లండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే కొన్నేళ్ల కిందట మా బంధువుల అబ్బాయి కేబినెట్‌ని ఒకచోట అలాగే, బోర్డు లోపల ఉండగానే డ్రిల్ చేయించుకొచ్చాడు. ఇనప రజను బోర్డంతా పడింది. స్విచ్ వేయగానే ఒక్క చిటపట, బోర్డు పోయింది. ఆ పిల్లాడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు అది, ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది. కోసిన డోర్‌ని ఆకురాయితో అంచులు నునుపు చేయించి, నీళ్లతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు బిగించండి. అంచుకి కారు డోర్ల రబ్బరు బీడింగ్ వేస్తే చెయ్యి కోసుకోదు, పైపు కూడా గట్టిగా కూర్చుంటుంది. అదీ ఆటోనగర్‌లోనే దొరుకుతుంది.

గాజు డోర్ ఉన్నవాళ్లు దాన్ని కోయాలని చూడకండి, టెంపర్డ్ గాజు డ్రిల్ తగలగానే ముక్కముక్కలవుతుంది. నేమ్‌ప్లేట్లు, సైన్‌బోర్డులు చేసేచోట అదే సైజుకి మూడు ఎం.ఎం. యాక్రిలిక్ షీట్ రంధ్రంతో సహా కోసిస్తారు. ఎండాకాలం అది, మిగతా రోజులు గాజు, అలా మార్చుకునేవాళ్లూ ఉన్నారు.

6. టవర్ కూలర్ ఉన్నవాళ్లకి

మీకు కావలసింది వెనకవైపు దారి. కూలర్ నుంచి వచ్చే వేడి గాలి వెనక ఫ్యాన్‌లోకి నేరుగా పోయేలా, రెండింటి మధ్య సందుని సన్‌బోర్డ్‌తో (బోర్డులు చేయడానికి వాడే తేలికపాటి ఫోమ్ షీట్) నాలుగు వైపులా మూసి చిన్న సొరంగంలా చేయండి. ఫ్లెక్స్ బ్యానర్లు వేసే షాపుల్లో సన్‌బోర్డ్ ముక్కలు ఊరికే ఇచ్చేస్తారు. ర్యామ్ స్లాట్లని మూయకండి, వైర్లకి తగలకుండా చూడండి.

7. ఫిల్టర్, ఉంచే చోటు

దోమల మెష్ ఒక్క పొర చాలు. రెండు పొరలు వేస్తే దుమ్ము ఇంకా బాగా ఆగుతుందనుకుంటారు కానీ గాలి కూడా ఆగుతుంది. గొట్టం నోటికి, ముందు ఫ్యాన్లకి వేసి, రెండు వారాలకోసారి తీసి కొళాయి కింద కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి.

కేబినెట్‌ని టేబుల్ కింద అరలో దోపకండి, వెనక గోడకి కనీసం జానెడు దూరం ఉండాలి. పడమటి గోడ పక్కన ఉంటే చోటు మార్చండి, మధ్యాహ్నం మూడు తర్వాత ఆ గోడ పొయ్యిలా కాలుతుంది. నీళ్ల కూలర్ గాలి నేరుగా కేబినెట్ మీదికి పెట్టొద్దు. చల్లగా ఉంటుంది నిజమే, కానీ ఆ గాలిలో తేమ ఎక్కువ, తుంపరలు కూడా వస్తాయి, నెలల తరబడి అలా ఉంటే బోర్డు మీద పచ్చగా తుప్పు పడుతుంది. ఐస్ ముక్కలు, ఫ్రిజ్‌లో పెట్టిన బాటిళ్లు లోపల పెట్టి వీడియోలు తీసేవాళ్లని చూసి మీరు చేయకండి. మన ఊళ్లో స్టీలు గ్లాసులో చల్లనీళ్లు పోస్తే గ్లాసు బయట నీళ్లు కారతాయి కదా, మీ బోర్డు మీద కూడా అదే జరుగుతుంది.

8. మళ్లీ కొలవండి

అదే టెస్ట్, అదే పది నిమిషాలు, థర్మామీటర్ అదే చోట. పొద్దున ఆరింటికి కొలిచి, ముందు మధ్యాహ్నం కొలిచినదాంతో పోల్చి సంబరపడకండి, ఎప్పుడూ తేడానే పోల్చండి. నా సిస్టమ్‌లో దుమ్ము దులిపాక తేడా 57 నుంచి 51కి వచ్చింది, గొట్టం పెట్టాక 45. గది 37 ఉన్న మధ్యాహ్నం 94 కొట్టే ప్రాసెసర్ 82 దగ్గర ఆగుతోంది.

ఇంత చేసినా గేమ్ మధ్యలో ఆఫ్ అవుతుంటే, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు అంకెలు బాగానే ఉంటే, పవర్ సప్లైని అనుమానించండి. దాని మీద స్టిక్కర్, లేదా కంపెనీ వివరాలు చూడండి: కొన్నింటి వాటేజీ 40 డిగ్రీల వరకే లెక్క, కొన్ని 50 డిగ్రీల దగ్గర కూడా పూర్తిగా ఇస్తాయి. మన ఎండలకి 50 ఉన్నది కొనండి.

గుంటూరు నుంచి అడిగేవాళ్లకి విడిగా ఒక మాట. మిర్చి యార్డు చుట్టుపక్కల, కమీషన్ షాపుల్లో, కోల్డ్ స్టోరేజీల ఆఫీసుల్లో ఉన్న కంప్యూటర్లకి రెండు వారాల లెక్క చెల్లదు, సీజన్‌లో వారానికోసారి మెష్ కడగాలి. దులిపేటప్పుడు మాస్కు, కళ్లజోడు పెట్టుకోండి, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. ఆ ఘాటు మెష్‌లోనూ, రేకుల్లోనూ అలాగే ఉంటుంది, బ్లోయర్ కొట్టగానే నేరుగా మొహానికే వస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కునే దాకా కళ్లు నలపకండి.